పాలు పొంగిన పొయ్యి నాది

ఏళ్లుగా ఒక పొయ్యి నా నెత్తి మీద ఉంది. పొయ్యి అన్నది మాటవరసకు కాదు, నిజంగానే ఉంది. ఒకే మంట ఉన్న చిన్న గ్యాస్ పొయ్యి అది, నా పెళ్లికి మా మేనమామ పెట్టింది. ఇప్పుడది నా ఇంట్లో లేదు. నాలుగిళ్ల అవతల మమత ఇంట్లో ఉంది. రోజూ ఆమె దాని మీదే అన్నం వండుకుంటుంది. అది నాదని ఊళ్లో ఎవరికీ తెలియదు. అక్కడికి ఎట్లా చేరిందో తెలిసిన వాళ్లం ఇద్దరమే. నేను, మమత.

నా పేరు ఇక్కడ రాయను. భయపడి కాదు. పేరు చెప్పాల్సిన చోటు వేరే ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

నేనెవరో మాత్రం తెలుసుకోండి. మాది కోరుట్ల పక్కన ఊరు. కోరుట్లలో నాకు టైలరింగ్ షాపుంది, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషనుంది, నా దగ్గర పని చేసే ఆడపిల్లలున్నారు. నోరు గట్టిదాన్ని. చిన్నప్పటి నుంచీ అంతే. మహిళా సంఘాల మీటింగ్ జగిత్యాలలో పెట్టినా సిరిసిల్లలో పెట్టినా నాకు ఫోన్ వస్తుంది. అప్పుల గురించి నాలుగు మాటలు చెప్పండి మేడం అంటారు. పోయి చెబుతాను. గవర్నమెంటు ఎన్ని రూల్సు పెట్టినా మన బుద్ధి మన దగ్గర లేకపోతే ఏ రూలూ మనల్ని కాపాడదని చెబుతాను. చప్పట్లు పడతాయి. ఆ తర్వాత ఒక కథ చెబుతాను. మా దిక్కు ఒక కోడలు లోను కోసం, అత్త ఇంట్లో లేని రోజు చూసి, వేరు పొయ్యి పెట్టుకుంది. ఇల్లు రెండు ముక్కలైంది. అప్పు మీద ఆశ మనిషిని అంత పని చేయిస్తుంది. ఇదీ కథ. ఆడవాళ్లు ఛీ ఛీ అంటారు. కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

ఆ కోడలు మమత. ఆ పొయ్యి పెట్టించింది నేను.

రాసేశాను. రాయలేనేమో అనుకున్నాను. ఇక మొదటి నుంచి చెబుతాను.

అప్పటికి నాకు షాపు లేదు. ఇంటి ముందు గదిలో కుట్టు మిషను, చుట్టుపక్కల జాకెట్లు, పిల్లల గౌన్లు. ఐదుగురు ఆడవాళ్లం కలిసి ఒక ఫైనాన్స్ కంపెనీలో గ్రూపు పెట్టుకున్నాం. లీడర్ని నేనే. వారం వారం ఒకరి వాకిట్లో కూర్చుని కిస్తీ కట్టేవాళ్లం. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ కట్టాలి. అందుకే మా గ్రూపులో ఎవరి ఇంట్లో ఏం ఉందో, ఏం లేదో నాకు తెలిసినంత వాళ్ల మొగుళ్లకు కూడా తెలియదు. ఆ తెలివితోనే ఇదంతా చేశాను.

నాకు ఎంబ్రాయిడరీ మిషను కావాలి. ఆ ఆశ నన్ను తినేసింది. కోరుట్లలో పెళ్లి జాకెట్లన్నీ ఆ మిషను ఉన్న షాపులకే పోతున్నాయి. కానీ నా పేరు మీద అప్పటికే మూడు కంపెనీల లోన్లు నడుస్తున్నాయి. లోను సారు నా ఆధార్ నంబరు ఫోన్‌లో కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంటికి వచ్చే సంపాదన ఎంత, అందులో కిస్తీలకు పోయేది ఎంత అని చూసి, హద్దు దాటితే ఇవ్వొద్దని పైనుంచి రూలు వచ్చిందట. నాకు ఒళ్లు మండింది. ఒక్క వారం కిస్తీ తప్పనిదాన్ని, తెచ్చుకునేది నేను, కట్టేది నేను, మధ్యలో వీళ్లకేం నొప్పి? ఆ మాట సారు మొహం మీదే అడిగాను. ఆయన నవ్వి, మీరు బానే కడతరమ్మా, అందరూ మీలెక్క ఉండరు గదా అన్నాడు.

ఆ మాట నాకు తియ్యగా తగిలింది. ఇప్పుడు అర్థమవుతోంది ఎందుకో. రూలు మందికి, నాకు కాదు అనుకున్నాను. బుద్ధి ఉన్నవాళ్లకు రూలెందుకు అనుకున్నాను. నాకు బుద్ధి ఉంది, దండిగా ఉంది. దాన్ని ఎటు తిప్పాను? మమత దిక్కు తిప్పాను.

మమతది కోనరావుపేట దిక్కు. మా ఊరి తిరుపతిని చేసుకుని వచ్చింది. మెత్తటి మనిషి. తిరుపతి నన్ను వదినా అంటాడు, ఆమె అక్కా అంటుంది. పెళ్లయిన ఏడాదికే తిరుపతి దుబాయి పోయాడు. ఇంట్లో ఆమె, ఒక పాప, అత్త రాజవ్వ. రాజవ్వ బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట పెట్టుకుందంటే భూకంపం వచ్చినా లేవదు. కోడలితో ఆమెకు పెద్ద తగాదాలేమీ లేవు. నిజం చెప్పాలంటే మా వాడలో అంత సాఫీగా నడిచే అత్తాకోడళ్లు లేరు. ఒకరు ఆకు కత్తిరిస్తే ఒకరు బీడీ చుట్టేవాళ్లు.

తిరుపతి వీసాకు తెచ్చిన పైసల్లో కొంత మిత్తి మీద, అంటే వడ్డీకి తెచ్చినవి. ఆ మిత్తి భారీగా ఉంది. మా గ్రూపులో చేరి లోను తెచ్చి అది కట్టేస్తే అత్తకూ, ఆయనకూ బరువు దిగుతుందని మమత ఆశ. కానీ అదే కంపెనీలో రాజవ్వ పేరు మీద ముందే లోనుంది. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒకే ఇల్లని ఆ కంపెనీ లెక్క. ఒక ఇంటికి ఒకటే లోను. సారు ఇంటికి వచ్చి, వంటిల్లు చూసి, ఫొటో తీసుకుని పోతాడు.

ఆలోచన నాదే. మీ వెనక గదిలో ఇంకో పొయ్యి పెడదాం, అత్త వేరు, నువ్వు వేరు అని చూపిద్దాం, వచ్చినదాంట్లో సగం నీకు సగం నాకు, నా సగం కిస్తీ నేను కడతా అన్నాను. మమత భయపడింది. అత్తకు చెబుదాం అక్కా అంది. చెబితే ఆమె ఒప్పుకోదు, సారు పోగానే తీసేస్తాం, ఆమెకు తెలిసేలోపు పొయ్యి మళ్లీ మా ఇంట్లో ఉంటుంది అన్నాను. ఎంత ధైర్యంగా చెప్పానో! నన్ను నమ్మకుండా ఉండడం ఆమెకు సాధ్యమేనా? లీడర్ని నేను. అక్కను నేను.

రాజవ్వ కొడుకు పేరున మొక్కు తీర్చుకోవడానికి కొండగట్టు పోయింది. అక్కడే నిద్ర చేసి మరునాడు వస్తానని చెప్పింది. ఆ రోజే సారును రమ్మన్నాను. నా పొయ్యిని గోనెసంచిలో పెట్టుకుని, చిన్న సిలిండర్ చంకన పెట్టుకుని పట్టపగలే వాళ్ల పెరటి తలుపులోంచి పోయాను. వెనక గదిలో పొయ్యి పెట్టి, పక్కన బియ్యం డబ్బా, పోపు డబ్బా, రెండు గిన్నెలు సర్దాను. చూస్తే నాకే నిజమనిపించింది. పని మీద ఉన్నప్పుడు నాకు తప్పొప్పులు కనపడవు, పని బాగా కుదిరిందా లేదా అన్నదే చూస్తాను.

సారు వచ్చాడు. చాయ్ పెట్టమని మమతకు సైగ చేశాను. పొయ్యి వాడుతున్నట్టు ఉండాలి కదా. ఆ పిల్ల ఆయన అడిగే వాటికి జవాబు చెప్పే తొందరలో పాల మీద చూపు పెట్టలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడి నురగలు కారాయి. సరిగ్గా అప్పుడే గోడ మీదినుంచి పక్కింటి భూమవ్వ తల పెట్టింది.

మా దిక్కు కొడుకూ కోడలూ వేరుపడితే, పెద్దవాళ్లు దగ్గరుండి కొత్త పొయ్యి మీద పాలు పొంగిస్తారు. పాలు పొంగాయంటే అది వేరే ఇల్లయినట్టు. దాన్ని ఎవరూ ఆటగా చేయరు. భూమవ్వ ఏం చూసింది? కొత్త పొయ్యి, పొంగిన పాలు, లేని అత్త. గోడ మీదినుంచే అడిగింది, ఏందే, ఏరువడ్డరా అని.

సారు ఫోన్ పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఆ ఒక్క క్షణం నాకు ఎన్నో దారులున్నాయి. నవ్వి ఊరుకోవచ్చు. తర్వాత చెబుతా అవ్వా అనొచ్చు. అవు, ఏరువడ్డరు అన్నాను. గట్టిగా, సారుకు వినపడేట్టు. సారు ఫొటో తీసుకున్నాడు. సారును నమ్మించడానికి ఆడిన అబద్ధం వాడంతా నమ్మింది.

భూమవ్వ కొడుకు, తిరుపతి దుబాయిలో ఒకే క్యాంపులో ఉంటారు. ఇంక చెప్పేదేముంది. రాజవ్వ కొండ దిగకముందే ముచ్చట దుబాయి పోయి తిరిగి వచ్చింది. పెళ్లాం తన తల్లిని గుడికి పంపి పాలు పొంగించుకుందని తిరుపతి విన్నాడు. రాజవ్వ బస్సు దిగిన చోటే విన్నది. చేతిలో ప్రసాదం సంచి అట్లాగే పట్టుకుని ఇంటికి వచ్చింది. మమత ఏడ్చుకుంటూ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లోను కోసం, ఒక్క పూట కోసం, ఆలోచన అక్కది, అక్కనే అడుగు అని. రాజవ్వ ఆమెను వెంటపెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

ఆ మాటలు నాకు ఒక్కటి కూడా మరుపు రాలేదు.

రాజవ్వ గడప దాటలేదు. "నిజం జెప్పు బిడ్డా. గా పొయ్యి నీదా? గీ ఆలోచన నీదా, నా కోడలుదా?"

నేను కుట్టు మిషను మీద ఉన్నాను. కాలు ఆపలేదు. "నాకేమెరుక అత్తా. మీ ఇంటి ముచ్చట మీకే ఎరుక."

"అక్కా..." అంది మమత. అంతే. 

"లోను సారు అచ్చినప్పుడు నువ్వున్నవట గదా?"

"లీడర్ను గద, సారు ఏ ఇంటికి అస్తే ఆ ఇంటికి పోవాలె. పొయ్యి గప్పటికే ఉన్నది. గంతే నాకెరుక."

రాజవ్వ కోడలి దిక్కు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ప్రసాదం సంచిలోంచి ఒక లడ్డు తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.  వెంట మమత కూడా వెళ్లిపోయింది. ఆ లడ్డు నేను తిన్నాను. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఎందుకు అట్లా అన్నాను? లోను ఇంకా ఖాతాలో పడలేదు. నిజం చెబితే రాజవ్వ నోరు ఊరుకోదు, సారు దాకా పోతుంది, లోను ఆగుతుంది, నా లీడర్‌గిరీ పోతుంది. నా మిషను పోతుంది. అదంతా ఒక్క గుక్కలో లెక్క వేసుకున్నాను. కంగారులో నోరు జారిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు కంగారు రాదు. తెలిసే అన్నాను.

లోను వచ్చింది. నా సగం నేను తీసుకున్నాను. మమత తన సగంతో మిత్తి అప్పు కట్టేసింది, ఆ ఇంటి కోసమే. కానీ ఆ ఇంట్లో ఆమెకు చోటు లేకుండా పోయింది. ఏరువడ్డదాయె, ఉండనీ అంది రాజవ్వ. వెనక గది ఆమెది, ముందు గది అత్తది అయింది. ఆకు కత్తిరించే చేయి ఒకచోట, బీడీ చుట్టే చేయి ఒకచోట. తిరుపతి చాలా కాలం పెళ్లాంతో సరిగా మాట్లాడలేదు. పైసలు తల్లి ఖాతాలో వేసి, పాప ఖర్చుకు అడిగి తీసుకోమన్నాడు. సెలవు మీద వస్తే పొద్దున తల్లి దగ్గర తింటాడు, సాయంత్రం పెళ్లాం దగ్గర తింటాడు. చుట్టం లెక్క. సారు పోగానే తీసేద్దామన్న పొయ్యి అక్కడే ఉండిపోయింది. తిరిగి అడగడానికి నాకు నోరెక్కడిది? అడిగితే అది నాదని ఒప్పుకున్నట్టే కదా.

నా మిషను మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. అదే కోరుట్లలో షాపు పెట్టించింది. మమత పేరు మీద తెచ్చిన నా సగం కిస్తీ ప్రతి వారం నేనే కట్టాను, ఆమె చేతిలో పెట్టేదాన్ని, ఆమె తీసుకునేది. ఒక్క వారం తప్పలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను, ఎందుకంటే నిజం. ఎన్నాళ్లో దీన్ని పట్టుకునే బతికాను. పైసలు కట్టేశాను కదా, ఇంకేం బాకీ ఉన్నాను అని.

మరి ఆ కథ మైకులో ఎందుకు చెప్పడం మొదలుపెట్టాను? మొదటిసారి జగిత్యాలలో. ఒక ఉదాహరణ చెప్పండి మేడం అన్నారు. నోటికి వచ్చింది. ఎవరైనా ఎప్పుడైనా ఆ పొయ్యి ఎవరిదని అడిగేలోపు, దొంగ ఎవరో నేనే చూపిస్తే నా దిక్కు ఎవరూ చూడరని లోపల ఎక్కడో తెలుసేమో. లేకపోతే ఊరికే చప్పట్ల కోసమేనా? రెండూ అయి ఉంటాయి. చెప్పిన కొద్దీ కథ నున్నగా తయారైంది. కొన్నాళ్లకు అందులో నేను లేనని నాకే నమ్మకం కుదిరింది.

మీటింగుల్లో రెండు రకాల వాళ్లు వాదిస్తుంటారు. గవర్నమెంటు కంపెనీల ముక్కుకు తాడు వేయాలని ఒకరు. తీసుకునేవాడికి సోయి ఉండాలి, ప్రతిదానికీ గవర్నమెంటు ఏం చేస్తుందని ఒకరు. నేను రెండో వాళ్ల మనిషిని. ఇప్పుడు నా సంగతి నాకు తెలుసు కాబట్టి ధైర్యంగా చెబుతాను, ఆ రూలు మంచిదే. నా నాలుగో లోను ఆపి నాకు మేలే చేసింది. ఒక సీజన్ పెళ్లిళ్లు సరిగా లేకపోతే నేను మునిగిపోయేదాన్ని. రూలు నా వాకిలి దగ్గర కాపలా నిలబడింది. నేను పక్కింటి గోడ దూకాను. పొయ్యిలు లెక్కపెట్టుకుని పోయే సారుకు మా ఊళ్లో పొయ్యి అంటే ఏమిటో తెలియదు. నాకు తెలుసు. తెలిసిన దాన్ని నేను. అప్పు తీసుకునేవాళ్లకు బుద్ధి ఉండాలని మైకులో అరిచిన నోటితోనే చెబుతున్నాను, నాకు బుద్ధి ఉంది, ఉండాల్సింది ఇంకోటి.

పోయిన నెల కోరుట్లలో మీటింగ్. కథ మొదలుపెట్టాను. మా దిక్కు ఒక కోడలు అన్నాక చూశాను, వెనక వరసలో మమత ఉంది. ఎవరో కొత్త సంఘంలో చేర్పించారట. ఏడవడం లేదు. తల దించుకోలేదు. ఎంత దూరం పోతానో చూద్దామన్నట్టు వింటోంది. అక్కడ ఆగిపోయానని రాస్తే మీకు నా మీద కాస్త దయ కలుగుతుంది. ఆగలేదు. మధ్యలో ఆపితే అందరూ ఎందుకని అడుగుతారు. చివరి దాకా చెప్పాను. చప్పట్లు పడ్డాయి. అందరితో పాటు మమత కూడా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు నాతో ఇంటికి వచ్చాయి. మిషను చప్పుడులో అవే వినిపించాయి.

మరునాడు పొద్దున్నే వాళ్ల పెరటి తలుపు దగ్గరికి పోయాను. అదే తలుపు. మమత అన్నం వారుస్తోంది. నన్ను చూసి గిన్నె కింద పెట్టింది.

"పొయ్యి కోసం అచ్చినవా అక్కా?" అంది.

ఇన్నేళ్లలో నేను అడిగి తీసుకుపోతానని ఎదురుచూస్తూనే ఉందన్నమాట.  గడప మీద కూర్చుండిపోయాను. ఉన్నది చెప్పాను. నీ మీద వేశాను, తెలిసే వేశాను, మైకులో నీ పరువు తీశాను అని. మాఫ్ చెయ్యమని అడగలేదు. అడిగితే ఆమె అవునో కాదో చెప్పాలి, ఆ బరువు కూడా ఆమె మీద పెట్టినట్టవుతుంది. ముందు గదిలో రాజవ్వ లేదు, బీడీలు అప్పజెప్పడానికి పోయింది. అత్త రాగానే ఆమెకు చెప్పి పోతాను అన్నాను.

"గడపల గూసోని జెప్తే గడప దాటదక్కా," అంది మమత. "మైకుల జెప్పినవ్ గద. గిది గుడ మైకుల జెప్పు. అత్తను తోల్కత్త. ఆయన గుడ సెలవు మీద అస్తున్నడు, ఆయన్ను గుడ తోల్కత్త."

సరే అన్నాను.   మమత అన్నం గిన్నె పక్కకు పెట్టి కూర గిన్నె ఎక్కించింది. నేను లేచి వచ్చాను.

తిరుపతి వచ్చాడు. వచ్చే మీటింగ్ కోరుట్లలోనే, అదే హాల్లో. మీటింగ్ పెట్టేవాళ్లు ఎప్పటిలాగే ఫోన్ చేశారు. వస్తానని చెప్పాను. ఆ తర్వాత వాళ్లు నన్ను మళ్లీ పిలవరు. షాపుకు వచ్చేవాళ్లు కొందరు తగ్గుతారు. ఆ లెక్కా వేసుకున్నాను, లెక్కలు వేయకుండా ఉండలేను. దాని తర్వాత రాజవ్వ ఏం చేస్తుందో, తిరుపతి ఏ పొయ్యి దగ్గర తింటాడో అది నా చేతిలో లేదు. ఇల్లు అతుకుతుందని చెప్పలేను. నాకు తెలిసిన పని ఒక్కటే ఉంది, నోరు తెరిచి చెప్పడం.

మైకు ముందు నాకు ఎన్నడూ మాట తడబడలేదు. కానీ ఈ మాట నోటికి అలవాటు లేదు. ఆ రోజు గొంతులో ఆగిపోతుందేమోనని ముందుగా మీకు చెప్పి చూసుకున్నాను. బయటికి వచ్చింది. ఇక అక్కడ నా పేరుతో మొదలుపెడతాను. మా దిక్కు ఒక కోడలు అనను. ఆ పొయ్యి నాది అంటాను.